చైనా మాట పట్టుకుని పులివెందులకు

"అక్కా, నువ్వు చైనా బాస నేర్చుకుంటాండావు కదా, అది నిజంగా వచ్చా, ఉత్తుత్తికేనా?"

మంగళవారం సాయంత్రం వరలక్ష్మి ఫోన్లో ఇలా అడిగేసరికి నేను ప్రొద్దుటూరులో మా కుట్టు దుకాణంలో ఒక పెళ్లికూతురి జాకెట్టు చేతులకు జరీ అంచు సరిచూస్తున్నాను. వరలక్ష్మి మా పిన్ని కూతురు. తనూ, భర్త శ్రీధరూ కలిసి పులివెందులలో ఎంబ్రాయిడరీ షెడ్డు నడుపుతారు. ఈమధ్య చైనా నుంచి పెద్ద యంత్రం తెప్పించారు. దాన్ని బిగించడానికి ఆ దేశం నుంచే ఒక అమ్మాయి వచ్చింది. ఆమెతో వచ్చిన బెంగళూరు దుబాసీకి జ్వరం తగిలి, గొంతు పూర్తిగా పోవడంతో అతను వెనక్కి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆమె ఎవరినీ యంత్రం ముట్టుకోనివ్వడం లేదు, స్విచ్చి వెయ్యనివ్వడం లేదు, అన్నం కూడా సరిగ్గా తినడం లేదట.

"ఫోన్లో తర్జుమా పెట్టి అడిగినాం. అడిగేకొద్దీ ఆ పాప మొగం ఎర్రగయితాంది. ఎల్లుండి పొద్దున్నే పోతాది. పోతే మళ్లీ ఎవురు ఎప్పుడొస్తారో! మా ఆడపిల్లోళ్లు పనిలేక ఊరికే కూర్చోనుండారు. నువ్వొకసారి రాక్కా."

"వచ్చులే, పొద్దున్నే బయల్దేరతా" అనేశాను.  రెండేళ్లుగా చైనా భాష నేర్చుకుంటున్న మాట నిజమే గానీ, అప్పటిదాకా ఒక్క చైనా మనిషితోనైనా నేను మాట్లాడి ఎరగను.

నా పేరు సుబ్బరత్నమ్మ. వయసు యాభై ఎనిమిది. మాది బట్టల వ్యాపారం. ముందు కొట్టు మా ఆయనది, వెనక గదిలో జాకెట్ల పని నాది. రెండేళ్ల కిందట మేమూ ఒక చిన్న ఎంబ్రాయిడరీ యంత్రం కొన్నాం. దాని తెర మీద అన్నీ చైనా అక్షరాలే. దారం తెగిన ప్రతిసారీ ఒకే రెండు అక్షరాలు ఎర్రగా వెలిగేవి. వాటిలో రెండోది 线. దారం అని అర్థమట. ఎడమ పక్కన పోగు మెలి తిరిగి ఉంటుంది చూడండి. దారమనే అక్షరంలో దారప్పోగు దాగి ఉందని తెలిసిన పూట నాకు ఎంత సంబరమైందంటే, జాకెట్టుకు ఎడమ చెయ్యి రెండుసార్లు కుట్టేశాను. ఆ పూటే ఫోన్లో పాఠాలు వెతికి పట్టుకున్నాను. "ఈ వయసులో పలక పడతావా?" అని మా ఆయన పడీపడీ నవ్వారు. నవ్వి, మర్నాడు నిజంగానే ఒక పలక కొనుక్కొచ్చారు.

బుధవారం పొద్దున ఏడింటికి ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కాను. పులివెందులకు తిన్నగా వెళ్లే బస్సులున్నాయి. కానీ జమ్మలమడుగులో కరుణమ్మను ఎక్కించుకోకుండా ఈ ప్రయాణం నా వల్ల అయ్యేది కాదు. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. కిటికీ పక్క సీటు కావాలంటే మాత్రం పది నిమిషాలు ముందే రావాలి.

కరుణమ్మ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నాకన్నా ఐదేళ్లు పెద్ద. ఒకసారి చర్చి పాటల బృందానికి జాకెట్లు కుట్టించుకోవడానికి మా దుకాణానికి వచ్చి, గోడకు నేను అంటించుకున్న అక్షరాలు చూసి, "ఈ బొమ్మలేంది రత్నా?" అని అడిగింది. చెప్పాను. కొలతలివ్వడం మరిచిపోయి సాయంత్రం దాకా కూర్చుంది. ఆ రోజు నుంచి ఇద్దరం రోజూ ఫోన్లో ఒకరికొకరం పాఠం అప్పజెప్పుకుంటున్నాం.

ఎనిమిది కాకముందే జమ్మలమడుగులో దిగాను. కరుణమ్మ తెల్ల చీర, కొత్త చెప్పులు, మెడలో కళ్లజోడు తాడుతో సిద్ధంగా నిలబడి ఉంది.

"నీ హావ్" అంది గంభీరంగా. నమస్కారమన్నమాట.

"నీ హావ్ అక్కా. భయమేస్తాంది."

"నాకు రాత్రంతా నిద్రే లేదు. ఆ పాప ఏదన్నా అడిగితే?"

"అడుగుతుందక్కా, దానికే కదా పోతాండేది!"

బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కారం దోశలు తిన్నాం. ఇక్కడ ఎర్రకారం దోశ నిండా పూసి, పైన పప్పుల పొడి చల్లుతారు. పొద్దున్నే తింటే మధ్యాహ్నం దాకా చురుగ్గా ఉంటుంది. ఎనిమిదిన్నరకు ముద్దనూరు బస్సు దొరికింది. పెన్నా వంతెన దాటుతుంటే కింద ఇసుక తెల్లగా, మధ్యలో సన్నటి పాయ మెరుస్తూ కనబడింది. మేమిద్దరం పెన్నను చూడనేలేదు, పాఠం అప్పజెప్పుకుంటున్నాం.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. చైనా భాషలో ఒకే మాటను నాలుగు గొంతులతో అనొచ్చు. గొంతు మారితే అర్థమే మారిపోతుంది. మొదటిది సాగదీసి పాడే గొంతు. రెండోది "యాడా?" అని అడిగేప్పుడు పైకి లేచే గొంతు. మూడోది దిగి మళ్లీ లేస్తుంది. నాలుగోది కోడిని "పో!" అని అదిలించే గొంతు. కరుణమ్మ నాలుగో గొంతు పలికినప్పుడల్లా ముందు సీట్లో నిద్రపోతున్నాయన ఉలిక్కిపడి లేచేవాడు. మూడోసారికి ఆయన సీటు మారిపోయాడు.

ముద్దనూరులో థర్మల్ పొగగొట్టాలు దూరం నుంచే కనబడతాయి. అక్కడ దిగి, టీ తాగి, తొమ్మిదింబావుకు పులివెందుల బస్సెక్కాం. తొండూరు దగ్గర ఒక పెద్దాయన చీనీకాయల, అంటే బత్తాయిల సంచి ఒళ్లో పెట్టుకుని మా పక్కన కూర్చున్నాడు. తెల్లటి మీసాలు, భుజాన తువ్వాలు. కాసేపు మా పాఠం విని, ఉండబట్టలేక అడిగాడు.

"ఏంది తల్లీ, మీరు నేర్చుకుంటాండేది?"

"చీనీ మామా" అన్నాను.

"చీనీలో నేర్చుకుండేదేముంది? టయానికి నీళ్లు కట్టాల, తెగులొస్తే మందు కొట్టాల. తోట యాడుంది మీకు?"

కరుణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చీనీ అంటే కాయ కాదు మామా, చైనా వాళ్ల మాట, పులివెందులలో ఒక చైనా పిల్లతో మాట్లాడేదానికి పోతాండాం అని నేను విడమరిచి చెప్పాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"అట్లనా! అయితే ఆ దేశంలో అమ్మేదానికి ఏమంటారు?"

"మాయ్."

"కొనేదానికి?"

"మాయ్."

ఆయన మీసం దువ్వుకున్నాడు. "రెండూ ఒకటే అయితే బేరం ఎట్ల తెగుతుంది తల్లీ?"

బస్సంతా నవ్వింది. గొంతు దించి లేపితే కొనడం, గొంతు కొట్టినట్టు దించేస్తే అమ్మడం అని నేను పలికి చూపించాను. ఆయన ఒక కాయ పైకెత్తి "మాయ్!" అన్నాడు. వెనక సీటు ఆడమనిషి గొంతు దించి లేపి "మాయ్?" అంది. కండక్టరు కూడా అందుకున్నాడు. పులివెందుల పొలిమేర వచ్చేసరికి బస్సులో సగం మంది చైనా భాషలో బేరమాడుతున్నారు. దిగేటప్పుడు పెద్దాయన మా ఇద్దరికీ చెరో కాయ ఇచ్చి, "బాగా మాట్లాడండి. మన జిల్లా పరువు తీయగాకండి" అన్నాడు. 

బస్టాండు నుంచి ఆటోలో షెడ్డుకు వెళ్లేసరికి పదిన్నర. రేకుల షెడ్డు. గోడ వారగా ఆరేడుగురు అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. మధ్యలో పన్నెండు సూదితలల పొడుగాటి యంత్రం. దాని చుట్టూ నేల మీద పసుపురంగు పెయింటుతో గీత గీసి ఉంది. ఎందుకో అర్థం కాలేదు. యంత్రం ముందు స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని కాపలా కాస్తోంది ఆ అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. పొట్టి జుట్టు, నీలం చొక్కా. జేబు మీద ఒక అక్షరం కుట్టి ఉంది: 林. రెండు చెట్లు పక్కపక్కన. నేను చదివేశాను!

"లిన్!" అని అరిచినంత పని చేశాను. "నీ హావ్, లిన్ షిఫు!" షిఫు అంటే మనం మేస్త్రీ అన్నట్టు, పనిమంతుల్ని పిలిచే మర్యాద మాట.

లిన్ లేచి నిలబడింది. ముఖం వెలిగింది. ఆ వెంటనే మొదలుపెట్టింది చూడండి! మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు, ఊపిరి తీసుకోకుండా, చేతులు తిప్పుతూ, కళ్లు తుడుచుకుంటూ. నాకు ఒక్క ముక్క అందలేదు. మా ఫోను పాఠాలావిడ ఒక్కో మాటా నోట్లో పెట్టినట్టు చెప్పేది. ఈమె అలా కాదు. కరుణమ్మ వైపు చూశాను. కరుణమ్మ రేకుల వైపు చూస్తోంది.

"ఏమంటాందక్కా?" అని వరలక్ష్మి ఆశగా అడిగింది.

ఏం చెప్పను?  ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, దారి పొడుగునా వల్లించుకున్న వాక్యం ఒకటి అనేశాను. నేను కూడా ఇలాంటి యంత్రం కొన్నాను, అని. కంగారులో గొంతు దించాను గానీ లేపడం మరిచిపోయాను.

లిన్ మొహం పాలిపోయింది. యంత్రం వైపు చూపించి ఏదో అడిగింది. నేను తలూపాను. ఆమె శ్రీధర్ వైపు ఒక్క చూపు చూసి, వంగి, స్పానర్లన్నీ పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

"రత్నా, అమ్మినామన్నావు" అని కరుణమ్మ నా మోచెయ్యి గిల్లింది. "ఈ యంత్రం అమ్మేసినామనుకుంటాంది!"

"కాదు కాదు! బూ షి, బూ షి!" అని అడ్డం పడ్డాను. లిన్ తన ఫోను తీసి ఏదో కొట్టి నా ముఖం ముందు పెట్టింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకున్నా అంతే. ముసలి కళ్లతో చైనా అక్షరాలు నేర్చుకోవడంలో ఉన్న తంటా ఇదే. ఒక్కో అక్షరంలో పది పన్నెండు గీతలుంటాయి, పెద్దగా రాస్తే తప్ప కనబడవు. చుట్టూ చూశాను. బల్ల మీద నల్ల లైనింగు గుడ్డ తాను, దాని పక్కన గుడ్డ మీద గుర్తులు పెట్టే తెల్ల సుద్దబిళ్ల కనిపించాయి.

సుద్ద చేతిలోకి తీసుకున్నాను. గుడ్డ మీద గుర్తులు పెట్టడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. ఆ గుడ్డ పరిచి జానెడంత అక్షరం రాశాను: 买. కొనడం. లిన్ తొంగి చూసింది. గుడ్డ వైపు, నా వైపు, మళ్లీ గుడ్డ వైపు చూసింది. నా చేతిలోంచి సుద్ద తీసుకుని పక్కన అదే అక్షరం రాసి, దాని నెత్తిన చిన్న శిలువలాంటి గుర్తు పెట్టింది: 卖. అమ్మడం. నువ్వన్నది ఇది, అన్నట్టు వేలితో కొట్టి చూపించింది. తర్వాత ఒక్కసారిగా పకపకా నవ్వింది. రేకులు అదిరేలా నవ్వింది. గోడ వారన కూర్చున్న అమ్మాయిలు విషయం తెలియకుండానే నవ్వారు.

"శిలువ పెడితే అమ్మకమంట. నాకిది ఎప్పటికీ మర్చిపోయే పని ల్యా" అంది కరుణమ్మ.

నవ్వు ఆగాక లిన్ గుడ్డ మీద నెమ్మదిగా, నాకు కనబడేంత పెద్దగా రెండు అక్షరాలు రాసింది: 地线.

రెండోది చూడగానే నా గుండె ఎగిరింది. దారం! నా యంత్రం తెర మీద రోజూ వెలిగే అక్షరమే. మొదటి దానిలో ఎడమ పక్కన మట్టి ఉంది. "నేల" అన్నాను. "నేల దారం."

శ్రీధర్ తల పట్టుకున్నాడు. "ఇదే వదినా! ఫోను కూడా ఇదే చెప్పె. నేల గీత కావాల, నేల గీత కావాల అని. అందుకే కదా చుట్టూ పసుపు గీత గీయించినాం. గీసినాక ఇంకా కోపమొచ్చె."

అప్పుడర్థమైంది ఆ పెయింటు సంగతి. నవ్వొచ్చినా బిగబట్టుకున్నాను. నేలలోకి పోయే దారం. అదేమిటై ఉంటుంది? లిన్ ఇంకో అక్షరం రాసింది, మనిషి అని. రెండు కాళ్లు చాపి నిలబడ్డట్టుండే అక్షరమది. యంత్రం మీద చెయ్యి పెట్టినట్టు నటించి, ఒళ్లంతా గజగజా వణికించి, గోడ వార కూర్చున్న అమ్మాయిలను చూపించింది.

"ఎర్తు!" అని కరుణమ్మ కేక పెట్టింది. "ఎర్తు వైరు రత్నా! మా ఆస్పత్రిలో ఎక్స్‌రే యంత్రం బిగించినప్పుడు ఇట్లే పట్టుబట్టినారు. నేలలోకి వైరు దించకపోతే ముట్టుకున్నోళ్లకు షాకు కొడుతుంది. ఇన్ని దినాలూ ఈ పాప మన పిల్లోళ్ల కోసమే కాపలా కాస్తాంది!"

వరలక్ష్మి వెళ్లి లిన్ రెండు చేతులూ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇక పనులు పరుగెత్తాయి. శ్రీధర్ ఎలక్ట్రీషియన్‌ను పిలిచాడు. షెడ్డు వెనక గుంత తవ్వడం మొదలైంది. ఆలోగా అన్నాల వేళైంది. లిన్ కోసం వరలక్ష్మి బ్రెడ్డు, అరటిపండు, పెరుగన్నం తెచ్చి పెట్టింది. పాపం, మన కారానికి తట్టుకోలేదని వచ్చినప్పటి నుంచీ ఇవే పెడుతున్నారట. లిన్ ఆ పళ్లేన్ని చూసి నిట్టూర్చింది. పక్కనే అమ్మాయిలు సంగటి ముద్దలు, వేరుశనగలతో నూరిన ఎర్రటి ఊరిబిండి డబ్బాలు తెరిచారు. లిన్ ముక్కుపుటాలు అదిరాయి.

"లా జియావ్?" అని అడిగింది నన్ను. మిరపకాయా?

ఈసారి మాట నాకు ఇట్టే అందింది. "లా జియావ్! శానా లా జియావ్!" అన్నాను, భాషలు రెండూ కలిపేసి. ఆమె వెళ్లి ఆ అమ్మాయిల మధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సంగటి తుంచి, ఊరిబిండిలో ముంచి, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. కళ్లు తెరిచి ఇంకా పెట్టమని చెయ్యి చాపింది. తనది హునాన్ అట. అక్కడ మిరపకాయ లేకుండా ముద్ద దిగదట. ఇది మాత్రం నేను పూర్తిగా అర్థం చేసుకున్నాను, నెమ్మదిగా మూడుసార్లు చెప్పింది కాబట్టి.

"అయ్యో, కారానికి ముఖం వాచిపోయిన పిల్లకు పెరుగన్నం పెట్టినానే!" అని వరలక్ష్మి నెత్తి కొట్టుకుని, పచ్చడి జాడీ కోసం ఇంటికి పరుగెత్తింది.

మూడింటికల్లా గుంతలో రాగిపలక దించి, బొగ్గు, ఉప్పు వరసలుగా పోశారు. లిన్ తానే బిందెతో నీళ్లు పోసింది. మీటరు పెట్టి చూసి, "హావ్!" అంది. బాగుందని. నాలుగున్నరకు స్విచ్చి వేసింది. పన్నెండు సూదులు ఒక్కసారి దిగి లేచాయి. ఆ చప్పుడుకు గోడ వారన ఉన్న అమ్మాయిలు ఈలలు వేశారు. కరుణమ్మ కూడా వేసింది. తనకు ఈల వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

పరీక్షకు ఏం కుట్టాలని లిన్ అడిగింది. నా పేరుకు అర్థమేమిటంది. రత్నం అని నేను చేతులతో, మాటలతో, సుద్దతో ఎలాగో చెప్పాను. ఆమె తెర మీద ఏదో వెతికి నొక్కింది. ఎర్రటి గుడ్డ మీద బంగారు రంగు దారంతో అక్షరం పుట్టుకొచ్చింది: 宝. ఇంటి కప్పు, దాని కింద మణి. కరుణమ్మకు కరుణ అనే అక్షరం కుట్టింది. దాని అడుగున గుండె ఉంటుంది. కరుణమ్మ కళ్లజోడు తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకుంది.

ఆ రాత్రి వరలక్ష్మి ఇంట్లోనే పడుకున్నాం. గురువారం పొద్దున ఏడింటికి లిన్ కారెక్కింది. వరలక్ష్మి ఊరిబిండి సీసాకు మూడు కవర్లు చుట్టి సంచిలో పెట్టింది. లిన్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, నన్ను "లావ్ షి" అని పిలిచింది. టీచరు అని అర్థం. మా ఊరివాళ్లు బెండకాయలు బేరమాడినట్టు చైనా భాష మాట్లాడే నన్ను! కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

ఎనిమిదింటికి ముద్దనూరు బస్సు ఎక్కాం. ఈ దారిన ఎవరైనా వెళ్లదలిస్తే పొద్దుటి బస్సే మేలు. ఎండ ఎక్కకముందే చీనీ తోటలు, అరటి తోటలు దాటిపోవచ్చు. లేటు వయసులో కొత్త భాష మొదలుపెట్టే వాళ్లకు కూడా ఒక మాట చెప్పగలను. వెంట ఒక నేస్తం ఉండాలి, అక్షరాలు పెద్దగా రాసుకోవాలి. నాకు వచ్చిన మాటలు ఇప్పటికీ గుప్పెడే. వాటిలో సగం తప్పుగా పలుకుతాను. అయినా నిన్న అవి పలకలోంచి లేచి ఊళ్లో తిరిగొచ్చాయి.

కండక్టరు దగ్గరికొచ్చాడు. "ఎంతమందమ్మా?"

నేను కిటికీలోంచి తోటల వైపు చూస్తూ, "లియాంగ్ గ" అన్నాను.

"ఏమంటాంది ఈయమ్మ?" అని అతను కరుణమ్మనడిగాడు.

కరుణమ్మ చీనీకాయ ఒలుస్తూ తలెత్తకుండానే, "ఇద్దరమంటాంది" అంది.

అతను రెండు టికెట్లు కొట్టి ఇచ్చి ముందుకు పోయాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ మాట నా నోట ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. తను తెలుగులోకి ఎప్పుడు మార్చిందో తనకూ తెలియదు. ముద్దనూరులో బస్సు ఆగేదాకా మా నవ్వు ఆగలేదు.